క్యాంపు బాసుకు వచ్చిన చలికాలం

సల్మాబాద్‌లో గ్యారేజీల వరస దాటి వెనక్కి వెళితే, ఇళ్ళు కట్టే ఒక కంపెనీ వాళ్ళ లేబర్ క్యాంపు ఉంది. పద్నాలుగు గదులు, తొంభై రెండు మంది మనుషులు, ఒక మెస్సు, ఒక క్యాంపు బాసు. ఆ బాసు పేరు లింబాద్రి.

కోరుట్ల దగ్గరి పల్లె నుంచి పద్దెనిమిదేళ్ళ కిందట హెల్పరుగా వచ్చాడు. ఇటుకలు మోశాడు, సిమెంటు కలిపాడు, ఆ తరువాత నోరు, నిజాయితీ రెండూ ఉన్నాయని కంపెనీ వాళ్ళు అతన్ని క్యాంపు మీద పెట్టారు. ఏ గదిలో ఎవరు ఉండాలి, ఏ మంచం ఎవరిది, ట్యాంకరు ఎప్పుడు రావాలి, బస్సు ఎప్పుడు కదలాలి, అన్నీ అతనే చూస్తాడు. నడుముకి తాళంచెవుల గుత్తి, మెడలో ఒక విజిలు. గుమ్మం ముందు వదిలిన చెప్పుల్ని చూసి ఎవడు డ్యూటీకి పోలేదో చెప్పగలడు. ఊళ్ళో వాళ్ళు అతన్ని దుబాయిలో క్యాంపు బాసు అంటారు. ఇది బహ్రెయిన్ అని మొదట్లో సరిదిద్దేవాడు గాని, దుబాయి అంటేనే గౌరవం ఎక్కువగా కనబడి ఆ పని మానేశాడు.

యాభై ఒక్క ఏళ్ళ ఆ మనిషికి తన గురించి అనుమానం లేని నమ్మకం ఒకే ఒక్కటి ఉండేది. మనుషుల్ని నడపడం తనకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదని. పోయిన ఆగస్టు వరకూ ఆ నమ్మకానికి ఏ ఇబ్బందీ రాలేదు.

ఎండాకాలంలో మధ్యాహ్నం పూట బయట పని చేయించకూడదని ఇక్కడ రూలు. అందుకని తెల్లవారక ముందే బుసైతీన్‌లో కడుతున్న విల్లాల దగ్గరికి బస్సు వెళ్ళి, పన్నెండున్నరకల్లా తిరిగి వచ్చేస్తుంది. ఆ తరువాత క్యాంపంతా తిని నిద్రపోతుంది. అలాంటి ఒక మధ్యాహ్నం లింబాద్రి గదులన్నీ చూసుకుంటూ మూడో నంబరు గదిలోకి వెళ్ళాడు. అందరూ ముసుగులు పెట్టారు. ఏసీలు బాగుచేసే మణికుమార్ ఒక్కడు మాత్రం మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. అమలాపురం పక్కవాడు, ముప్పై నాలుగేళ్ళవాడు, ఎవరి మాటకూ ఎదురు చెప్పకుండా తన మాటే నెగ్గించుకునే రకం.

“ఏందిది, సినిమానా?” అన్నాడు లింబాద్రి.

“గేమండి. క్యాంపు నడిపే గేము.”

ఆ మాట విన్నాక లింబాద్రి వెళ్ళిపోలేకపోయాడు. పక్క మంచం అంచున కూర్చున్నాడు. మణికుమార్ వివరంగా చెప్పాడు.

“ముగ్గురు మనుషుల్ని ఎవరూ లేని చోట దింపుతాడండి. ఇల్లుండదు, తిండుండదు. ఎవరు కట్టెలు కొట్టాలి, ఎవరు వండాలి, ఎవరు దుంపలు నాటాలి, అదంతా మనం చెప్పాలి. చెప్పడం వరకే మన పనండి. చెయ్యడం వాళ్ళిష్టం. వాళ్ళకి ఆకలేస్తుంది, నిద్రొస్తుంది, మనసు పాడవుతుంది. అలా ఒక ఏడాది బతికించాలి.”

“గింతేనా.”

“కొత్తవాళ్ళకి చాలా కష్టమండి. నా మనుషులు నాలుగుసార్లు పోయారు.”

“నీకు కొత్త. నువ్వు నడిపేది ఏసీలను, మనుషులను కాదు. నాకు పద్దెనిమిదేండ్ల సర్వీసున్నది. ఇటియ్యి.”

మణికుమార్ లాప్‌టాప్‌ని మర్యాదగా అటు తిప్పాడు.

తెర మీద ఒక ఏరు, కొన్ని చెట్లు, బొటనవేలంత ముగ్గురు మనుషులు. లింబాద్రి అన్నిటికంటే ముందు ఒక స్టోరు రూము కట్టించాడు. దానికి తలుపు పెట్టించాడు. అందులో పెట్టడానికి ఇంకా ఏమీ లేదు. ఆ తరువాత చుట్టూ కంచె వేయించడం మొదలుపెట్టాడు.

“నా ఆఫీసు ఎక్కడ కట్టాలె?” అని అడిగాడు.

“ఇందులో మీరుండరండి.”

“నేను లేకుంటే క్యాంపు ఎట్ల నడుస్తది?”

ఆటలో నాలుగో రోజున ఒక మనిషి కంచె పని వదిలేసి ఏటి ఒడ్డున రాయి మీద కూర్చున్నాడు. ఎన్నిసార్లు నొక్కినా కదల్లేదు.

“మనసు బాగోలేదంటండి,” అన్నాడు మణికుమార్ తెర మీది అక్షరాలు చదివి. “మూడు రోజుల్నుంచీ పచ్చి దుంపలు తింటున్నాడు. వంట చెయ్యమని మీరెవరికీ చెప్పలేదు.”

“వండుకొని తినాలని కూడ ఒకడు చెప్పాల్నా?”

“చెప్పాలండి.”

“విజిలెక్కడుంటది ఇందుల?”

“విజిలుండదండి.”

“మరి వాణ్ని లేపుడెట్ల?”

“లేపలేమండి. మనసు బాగయ్యేదాకా ఆగాలి.”

పద్దెనిమిదేళ్ళలో ఎవరి మనసు కోసమూ ఆగని లింబాద్రికి ఆ రాయి మీది మనిషిని చూస్తే ఒళ్ళు మండింది. పదకొండో రోజుకి ఆట అయిపోయింది. ఒకడు జ్వరంతో పోయాడు, ఒకడు ఆకలితో పోయాడు, రాయి మీద కూర్చున్నవాడు ఎటో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. స్టోరు రూము మాత్రం చక్కగా ఉంది.

“పేర్లల్ల ఉన్నది లోపం,” అన్నాడు లింబాద్రి లేస్తూ. “పీటరో గీటరో. నోరు తిరగని పేర్ల మనుషులతోటి ఎవడు పని చేయిస్తడు?”

“పేర్లు మార్చుకోవచ్చండి,” అన్నాడు మణికుమార్.

అక్కడ వచ్చింది తంటా.

మర్నాడు మధ్యాహ్నం లింబాద్రి మళ్ళీ వచ్చాడు. ఈసారి ముగ్గురికీ క్యాంపులో తనకు బాగా తెలిసిన వాళ్ళ పేర్లు పెట్టాడు. ఒకడు మణికుమార్. ఒకడు పేరయ్య, అంటే క్యాంపు మెస్సులో వంట చేసే మనిషి పేరు. ఇంకొకడు ముత్యం. అసలు ముత్యం లింబాద్రి ఊరి పక్క ఊరివాడు, ఇనుప చువ్వలు కట్టే పనిలో ఉన్నాడు, ఇద్దరూ ఒకే విమానంలో బహ్రెయిన్‌లో దిగారు.

పేర్లు పెట్టాక లింబాద్రికి పని సులువైంది. పేరయ్యకి వంట ఇచ్చాడు. ఆటలోని పేరయ్యకి వంట రాదట. వారం తిరగకుండా అందరికీ కడుపులో నొప్పి పట్టుకుంది. అసలు పేరయ్య వంట మీద కూడా అలాంటి ఫిర్యాదులు ఉండబట్టి లింబాద్రి అందులో తప్పేమీ చూడలేదు. నెమ్మదిగా దుంపలు పండాయి. దారిన పోయేవాళ్ళు ముగ్గురు వచ్చి చేరారు. వాళ్ళకి వెంకన్న, కన్నబాబు, గంగాప్రసాద్ అని పేర్లు పెట్టాడు. ఆ రాత్రి భార్య కళ ఫోన్ చేస్తే, ఈసారి ఆలుగడ్డలు మంచిగ పండినయని చెప్పాడు. ఎక్కడ అని ఆమె అడిగితే సంగతంతా చెప్పాడు.

“ఇక్కడ మన మక్క చేనుకు నీళ్లు వెట్టినోళ్లు లేరు,” అంది కళ. “నువ్వు అక్కడ టీవీల ఆలుగడ్డలు పండిస్తున్నవు. మంచిది. వచ్చేటప్పుడు ఒక బస్తా పట్టుకరా.”

ఆటలో అతనికి అన్నిటికంటే వింతగా తోచింది మనసుల లెక్క. ప్రతి మనిషి పక్కనా ఒక గీత ఉంటుంది. మనసు బాగుంటే పెరుగుతుంది, పాడైతే తగ్గుతుంది, ఎందుకు తగ్గిందో కింద రాసి ఉంటుంది. ఒకరోజు కన్నబాబు గీత పడిపోయింది.

“బల్ల లేకుండా నేల మీద కూర్చుని తిన్నాడటండి,” అన్నాడు మణికుమార్.

“గందుకే?”

“అందుకేనండి.”

లింబాద్రి చాలాసేపు ఆ గీతనే చూశాడు. క్యాంపు మెస్సులో ముప్పై మందికే బెంచీలున్నాయి. మిగతావాళ్ళు పళ్ళెం పట్టుకుని గదికి పోయి మంచం మీద తింటారు. ఆ సాయంత్రం అతను మెస్సులోకి వెళ్ళి, ఈ గోడ నుంచి ఆ గోడకి అడుగులు వేసి కొలిచాడు. తరువాత వంటగదిలోకి తొంగిచూసి, ఉల్లిపాయలు తరుగుతున్న పేరయ్యని అడిగాడు.

“పేరయ్యా, మనసెట్లుంది?”

పేరయ్య కత్తి ఆపాడు. “ఏవండీ?”

“మనసు. మంచిగున్నదా?”

“బానే ఉందండి,” అన్నాడు పేరయ్య భయంగా.

ఆ వారంలో లింబాద్రి ఇంకో పాతిక మందిని ఇదే ప్రశ్న అడిగాడు. నిద్ర పడుతోందా అని అడిగాడు. పక్కవాడితో పడుతుందా అని అడిగాడు. వెంకన్నని ఆపి, నిన్న ఎందుకో మొహం వాడిపోయి ఉందని అన్నాడు. జవాబు విని, తల పంకించి వెళ్ళిపోయేవాడు.

“మూడేళ్ళయిందండి నేనొచ్చి,” అన్నాడు పేరయ్య మెస్సులో అందరి ముందూ. “కూరలో ఉప్పెలా ఉందో కూడా చెప్పని మనిషి. మనసెలా ఉందని అడిగాడు. ఇందులో ఏదో ఉంది.”

ఇందులో ఏదో ఉందని అందరికీ అనిపించింది. ఏముందో ఎవరికీ తెలియదు.

ఆటలో ఈలోగా ఆకులు రాలాయి. చలికాలం వస్తోందని తెర మీద మంచు బొమ్మ కనబడింది. బయట నలభై ఐదు డిగ్రీలు. కంకర మీద కాలు పెడితే చెప్పుల అడుగులు మెత్తబడుతున్నాయి. లోపల లింబాద్రి చలి గురించి దిగులు పడుతున్నాడు. మంచు అనేది అతను కోరుట్లలోనూ చూడలేదు, బహ్రెయిన్‌లోనూ చూడలేదు. కట్టెలు దాచిపెట్టాలని అతనికి తట్టలేదు. ఉన్న కట్టెలన్నీ పెట్టి ఆరుగురికీ ఆరు గదులు కట్టించడం మొదలుపెట్టాడు. పద్దెనిమిదేళ్ళుగా మనుషులు తనను అడిగేది ఒకటే, ఎవరి గది వాళ్ళకి కావాలని. ఇక్కడ ఇవ్వలేనిది అక్కడైనా ఇద్దామనుకున్నాడు. అయిదు గదులయ్యేసరికి కట్టెలు అయిపోయాయి. ఆరోది ముత్యానిది.

పైగా ఆటలోని ముత్యం నాట్లలో నేర్పరి. అది చూసుకోకుండా లింబాద్రి అతన్ని రాళ్ళు కొట్టడానికి పెట్టాడు. చేతకాని పని కాబట్టి నెమ్మదిగా చేసేవాడు, బరువు పని కాబట్టి ఎక్కువ తినేవాడు.

గురువారం మధ్యాహ్నం లింబాద్రి, మణికుమార్ కూర్చుని సంగతి తేల్చుకుంటున్నారు.

“ఆరుగురున్నరు. తిండి అయిదుగురికి వస్తది,” అన్నాడు లింబాద్రి. “ఒక్కరిని తోలెయ్యాలె. తోలుడు ఉంటదా?”

“ఉంటుందండి. పొమ్మంటే పోతారు.”

“అయితే ముత్యంను తోలేద్దాం. పనిల నిదానం, తిండి ఎక్కువ. చలికాలం రాకముందే పంపియ్యాలె.”

“పాపం కదండి.”

“పాపమే. నాకు మాత్రం ఇష్టమా. గని ఒక్కని కోసం అయిదుగురిని తిప్పలు పెడ్తమా?”

గది తలుపు ఓరగా తీసి ఉంది. ఆ తలుపు బయట అసలు ముత్యం నిలబడి ఉన్నాడు.

ముత్యం ఆరోజు ఒక మాట అడగడానికి వచ్చాడు. రెండేళ్ళుగా అతని కుడి మోకాలు బాగాలేదు. అతనిది రెండంతస్తుల మంచంలో పై మంచం. రోజూ ఆ నిచ్చెన ఎక్కి దిగడం అతనికి చువ్వలు కట్టడం కంటే కష్టంగా ఉంది. కింది మంచం ఇవ్వమని అడగాలి. కాని ఒకే విమానంలో వచ్చిన మనిషి బాసు అయ్యాక అతన్ని ఏదైనా అడగడం ముత్యానికి నామోషీ. అడుగుదాం, అడుగుదాం అని రెండేళ్ళు దాటించి, ఆ మధ్యాహ్నం ధైర్యం చేసి వచ్చాడు. విన్నది విని, తలుపు కూడా తాకకుండా వెనక్కి వెళ్ళిపోయాడు.

ఎవరితోనూ చెప్పలేదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు తల్లి రాములవ్వతో కూడా చెప్పలేదు. మర్నాడు శుక్రవారం సెలవు. బస్సెక్కి మనామా వెళ్ళి పెద్ద నీలం సూట్‌కేసు ఒకటి, ఇంటికి పట్టుకెళ్ళడానికి రెండు దుప్పట్లు, నొప్పుల మందు సీసాలు ఆరు కొనుక్కుని, సూట్‌కేసుని చక్రాల మీద గడగడా లాక్కుంటూ క్యాంపు గేటులోంచి తన గది దాకా నడిచాడు. తొంభై మందీ చూశారు. శనివారం బుసైతీన్‌లో అతను చువ్వలు కట్టే వేగం చూసి, పక్కన పనిచేసే పాకిస్తానీ మేస్త్రీ “ముత్యం భాయ్, ఆరామ్ సే” అన్నాడు. ముత్యం వినిపించుకోలేదు. మెస్సులో ఎప్పుడూ రెండు పళ్ళేలు తినేవాడు, ఒక్క పళ్ళెంతో లేచిపోయాడు.

“ఊరికి పోతున్నావా, ముత్యమన్నా?” అని అడిగితే, “చలికాలం రాకముందే,” అని ఊరుకున్నాడు.

సూట్‌కేసు చూశాక పేరయ్యకి అంతా అర్థమైపోయింది. మనసెలా ఉందని అడిగింది, ఎవరు గొడవ చెయ్యకుండా పోతారో తెలుసుకోవడానికి. మెస్సు కొలిచింది, క్యాంపు ఇంకొకళ్ళకి అప్పజెప్పడానికి. నిద్ర గురించి అడిగింది మాత్రం ఎందుకో తేలలేదు గాని, అది కూడా ఏదో లిస్టు కోసమే. కంపెనీ ఖలాస్, మూసేస్తున్నారు అన్నాడు. సోమవారానికల్లా క్యాంపులో మరో నాలుగు సూట్‌కేసులు వచ్చాయి. గంగాప్రసాద్ జల్లాఖ్‌లో ఉన్న మేనమామ కొడుక్కి ఫోన్ చేసి అక్కడ రిసార్టుల్లో ఏదైనా పని ఉందా అని కనుక్కున్నాడు. కన్నబాబు గడ్డం గీసుకోవడం మానేశాడు.

లింబాద్రి ఈ మార్పులన్నీ గమనించాడు. ఇప్పుడు అతనికి గీతలు చదవడం వచ్చు. క్యాంపంతా మనసులు పడిపోయాయని అతనికి స్పష్టంగా కనబడింది. కారణం మాత్రం కింద ఎక్కడా రాసిలేదు. అందుకని ఇంకా ఎక్కువమందిని ఆపి, ఇంకా మెత్తగా అడగడం మొదలుపెట్టాడు. దాంతో మిగిలిన వాళ్ళకి ఉన్న కాస్త ధైర్యమూ పోయింది.

మంగళవారం మధ్యాహ్నం, బస్సు దిగి అన్నాలు తిన్నాక, ముప్పై మంది దాకా మెస్సులోనే ఉండిపోయారు. పేరయ్య వెళ్ళి లింబాద్రిని పిలుచుకొచ్చాడు.

“లింబాద్రి గారూ, మేమంతా ఒక మాట అడుగుదామనుకున్నామండి,” అన్నాడు పేరయ్య. “ఎంతమందిని పంపేస్తున్నారు?”

“ఎక్కడికి?”

“ఇంటికండి.”

“ఎవరు పంపుతున్నరు? నాకెవరు చెప్పలేదే.” లింబాద్రి నిజంగా కంగారుపడ్డాడు. కంపెనీ ఏదైనా నిర్ణయించి తనకే చెప్పలేదా అన్న అనుమానం వచ్చింది.

వెనక బెంచీ మీది నుంచి ముత్యం లేచాడు.

“లింబన్నా, దాచుడెందుకు. నువ్వే అన్నవు. నా చెవులతోటి నేనిన్న. ముత్యం పనిల నిదానం, తిండి ఎక్కువ, చలికాలం రాకముందే తోలెయ్యాలె అన్నవు. తోలిస్తే తోలియ్యి. ఇన్నేండ్లు చేసిన, పోత. గని తిండి మాట అనకపోతే బాగుండు.”

లింబాద్రి మొహంలో రంగులు మారాయి. ట్యాంకరు రాని రోజున తొంభై మందికి జవాబు చెప్పిన మనిషి. ఇప్పుడు మెడలోని విజిలుని వేళ్ళ మధ్య తిప్పుతూ నిలబడ్డాడు.

“అది నువ్వు కాదు,” అన్నాడు చివరికి.

“క్యాంపుల ఇంకెంతమంది ముత్యాలున్నరు?”

“ఉన్నడు. ఒకడున్నడు.” లింబాద్రి గొంతు తగ్గించాడు. “మణి లాప్‌టాప్‌ల ఉన్నడు.”

ఈ మాట మెస్సులో ఎవరికీ అర్థం కాలేదు. కొందరు ఎండదెబ్బ అనుకున్నారు. మణికుమార్ గదికి పరుగెత్తి లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద తెరిచాడు. అందరూ మూగారు. వెనకవాళ్ళు బెంచీలెక్కారు. ముత్యం మాత్రం దగ్గరికి రాకుండా నిలబడితే, పేరయ్య భుజం పట్టుకుని ముందుకి తోశాడు.

తెర మీద మంచు. అయిదు చిన్న గదులు. వాటి బయట, తెల్లటి నేల మీద ముడుచుకుని ఒక బొమ్మ. దాని మీద ముత్యం అని రాసి ఉంది. తోలేస్తానన్న లింబాద్రి, తీరా నొక్కే సమయానికి వేలు రాక, నాలుగు రోజులుగా ఆటని అక్కడే ఆపి ఉంచాడు.

“ఇది నేనా?” అన్నాడు ముత్యం.

“ఆయ్, మీరేనండి,” అన్నాడు మణికుమార్.

“ఇదెవరండి, ఈ ఏడుపు మొహం?” అన్నాడు పేరయ్య.

“అది మీరండి.”

ముత్యం తెరకి దగ్గరగా వంగాడు. “బయట ఎందుకు పండుకున్న?”

“గదికి కట్టెలు చాల్లేదండి. మంచం కూడా లేదు.”

ముత్యం లింబాద్రి వైపు తిరిగాడు. నవ్వాలో కోప్పడాలో తేల్చుకోలేని మొహం. “లింబన్నా, గాడ నాకు మంచమే ఇయ్యలే. గీడ ఇచ్చినవు గని మీదిది ఇచ్చినవు. రెండేండ్ల నుంచి మోకాలు పట్టుకొని ఎక్కుతున్న.”

“నాకెందుకు చెప్పలే?”

“చెప్దామనే వచ్చిన ఆనాడు. నువ్వు నన్ను తోలే పనిల ఉన్నవు.”

మొదట ఎవరు నవ్వారో తెలియదు. ఆ తరువాత మెస్సంతా నవ్వింది. లింబాద్రి నవ్వలేదు. చెమట తుడుచుకుని, కుర్చీ ఒకటి లాగి, ముత్యాన్ని కూర్చోమన్నాడు.

“కూసో. ఇప్పుడు ఏం చెయ్యాల్నో నువ్వే చెప్పు. నాకు సమజైతలేదు.”

ఆ మాట లింబాద్రి నోట ఆ క్యాంపులో ఎవరూ వినలేదు. ముత్యం కూర్చున్నాడు. ఆట అంటే ఏమిటో అతనికి తెలియదు. ఏది కట్టె, ఏది దుంప, ఏది పొయ్యి అని ఒక్కొక్కటీ వేలు పెట్టి అడిగి తెలుసుకున్నాడు. అంతా విన్నాక అడిగాడు.

“అర్రలు అయిదెందుకు? పొయ్యిలు అయిదెందుకు?”

“మీరే కదా ఎప్పుడూ అడుగుతరు, ఎవరి అర్ర వాళ్లకు కావాలని,” అన్నాడు లింబాద్రి.

“మేమడిగేది ఇక్కడ. అక్కడ మంచు పడుతున్నది. నాలుగు అర్రలు ఇప్పెయ్యి. ఆ కట్టె పొయ్యిలకు వస్తది. ఆరుగురిని ఒక్క అర్రల పండవెట్టు. ఒక్క పొయ్యి సాలు.”

“ఆటలో కూడా క్యాంపేనన్నమాట,” అన్నాడు వెనక నుంచి ఎవరో.

“రాళ్ళు కొట్టుడు బంద్ వెట్టు,” అన్నాడు ముత్యం. “చలిల రాళ్ళెవడు కొడ్తడు. ఊకె కూసుంటే తిండి తక్కువ వడుతది. ఇంత విత్తనం మాత్రం ముట్టకు. అది ఎండలొచ్చినంక.”

మణికుమార్ చెప్పినట్టల్లా నొక్కాడు. గదులు విడిపోయాయి. ఆరు బొమ్మలూ ఒక్క గదిలోకి చేరాయి. బయట మంచు పడుతూనే ఉంది. మెస్సులో ముప్పై మంది ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. నిద్రకి పోవలసిన వేళ దాటిపోయింది. ఎవరూ లేవలేదు. ఆటలో రెండో వారం గంగాప్రసాద్ గీత కొంచెం పడింది.

“పక్కవాడి గురకకి నిద్ర పట్టలేదంటండి,” అని చదివాడు మణికుమార్.

“పక్కనున్నదెవరు?” అన్నాడు అసలు గంగాప్రసాద్.

“వెంకన్న గారండి.”

“మరి ఇది అబద్ధం ఆట కాదు,” అన్నాడు గంగాప్రసాద్. అతనిది వెంకన్న పక్క మంచమే.

గీతలు పడ్డాయి, లేచాయి. ఒకరోజు పేరయ్య బొమ్మ పొయ్యి పక్కన గిన్నెలు విసిరికొట్టింది. అసలు పేరయ్య దానివైపు చాలా గౌరవంగా చూశాడు. దుంపలు చివరికొచ్చాయి. ఆఖరి వారం ఆరుగురూ సగం కడుపుకే తిన్నారు. నాలుగున్నరకి, పేరయ్య టీ కాచడానికి కూడా లేవకుండా కూర్చున్నప్పుడు, తెర మీద తెల్లరంగు అక్కడక్కడా విడిచి పచ్చరంగు కనబడింది. ఏటి మీది మంచు కరిగింది. ఆరు బొమ్మలూ తలుపు తీసుకుని బయటికి వచ్చాయి.

మెస్సులో చప్పట్లు కొట్టారు. ముత్యం కొట్టలేదు. తన బొమ్మ ఎటు పోతోందో చూస్తున్నాడు. అది నేరుగా పొలానికి పోయి నాట్లు మొదలుపెట్టింది.

“కొత్తవాళ్ళకి కష్టమన్నాను గానీ,” అన్నాడు మణికుమార్ లింబాద్రితో, ఎంతో మర్యాదగా, “పద్దెనిమిదేళ్ళ సర్వీసున్నవాళ్ళకి ఇంకా కష్టమని నాకూ తెలీదండి.”

లింబాద్రి ఆ మాట వినిపించుకోనట్టు తాళంచెవుల గుత్తి సర్దుకుంటూ ముత్యం గదికి వెళ్ళాడు. ఆ సాయంత్రమే కింది మంచంలో ఉండే కన్నబాబు సామాను పై మంచానికి ఎక్కింది, ముత్యం పరుపు కిందికి దిగింది. మర్నాడు లింబాద్రి తన ఆఫీసులో ఒక కాగితం అంటించి, మోకాళ్ళు, నడుములు బాగాలేని వాళ్ళంతా పేర్లు రాయమన్నాడు. రెండు గంటల్లో అరవై ఒక్క పేర్లు పడ్డాయి. కింది మంచాలు నలభై ఆరే ఉన్నాయి. ఆ గొడవ తేలడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజుల్లో అతను రెండుసార్లు విజిలు ఊదాడు. విజిలు విని అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. సైటులో మిగిలిన సెంట్రింగు చెక్కలతో వడ్రంగులు మెస్సుకి మూడు పొడవాటి బల్లలు చేశారు. అందరికీ చాలలేదు. ఇంకా పాతిక మంది మంచాల మీదే తింటున్నారు.

సూట్‌కేసులు కొన్న అయిదుగురూ వాటిని తిరిగి ఇవ్వబోతే మనామాలో షాపువాడు తీసుకోలేదు. ముత్యం ఇంటికి పోలేదు. మళ్ళీ రెండు పళ్ళేలు తింటున్నాడు.

సెప్టెంబరు మధ్యలో ఎండల రూలు అయిపోయి, డ్యూటీ మామూలు వేళకి మారింది. మధ్యాహ్నాలు పోయాయి. లింబాద్రి, ముత్యం ఆటని శుక్రవారాలకి మార్చుకున్నారు. ఇప్పుడు నాట్లు, తిండి ముత్యం చూస్తాడు. కట్టడాలు లింబాద్రి చూస్తాడు. స్టోరు రూముకి తలుపు అక్కర్లేదని ముత్యం, కావాలని లింబాద్రి ప్రతి వారమూ తగాదా పడతారు. ఆటలోని ఊరిలో జనం పన్నెండుకి పెరిగారు. క్యాంపులో ఆడపేర్లు లేక, చివర వచ్చిన ఆవిడకి లింబాద్రి కళ అని పెట్టాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

అక్టోబరులో మణికుమార్‌కి జల్లాఖ్‌లో ఒక రిసార్టులో ఏసీల పని దొరికింది. కంపెనీ మారి, లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళిపోయాడు. లింబాద్రి ఒక వారం ఓర్చుకున్నాడు. ఈసా టౌన్ పాత సామాన్ల మార్కెట్లో ఒక లాప్‌టాప్ చూశాడు గాని, అందులో ఆ ఆట తెరుచుకోలేదు. రెండో శుక్రవారం ముత్యాన్ని వెంటబెట్టుకుని రెండు బస్సులు మారి జల్లాఖ్ వెళ్ళాడు. పేరయ్య టిఫిను డబ్బాలో పులిహోర పెట్టి ఇచ్చాడు. ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకున్నారు.

స్టాఫు క్వార్టర్ల గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి, ఎవరి కోసం వచ్చారని హిందీలో అడిగాడు. లింబాద్రి మణికుమార్ పేరు చెప్పబోయాడు. ముత్యం అతని కంటే ముందే తనకొచ్చిన హిందీలో జవాబిచ్చాడు.

“మావాళ్లు పన్నెండుమంది లోపట ఉన్నరు, భాయ్. తిన్నరో లేదో చూసి పోతం.”

వాచ్‌మన్ రిజిస్టరు తిప్పి, అంతమంది ఏ గదిలో ఉన్నారో వెతకసాగాడు. మణికుమార్ వచ్చి లోపలికి తీసుకుపోయేదాకా ఇద్దరూ ఎండలో, టిఫిను డబ్బా చేతులు మార్చుకుంటూ నిలబడ్డారు.